రావి మొక్క వేలంత ఉన్నప్పుడే

హనుమకొండ వేయిస్తంభాల గుడి ముందున్న కల్యాణ మండపాన్ని 2024 మార్చిలో, మహాశివరాత్రి నాడు, మళ్లీ తెరిచినప్పుడు నేను ఊళ్లో లేను. కొన్ని నెలల తర్వాత ఒక సాయంత్రం వెళ్లి, నంది పక్కన నిలబడి చాలాసేపు చూశాను. బడికి పోయే రోజుల్లో ఆ మండపం స్తంభాల మధ్య తిరిగినవాణ్ణి. ఆ తర్వాత అవే స్తంభాలు, దూలాలు, కప్పు బండలు నంబర్లు వేసి విడివిడిగా పడి ఉండగా చూసినవాణ్ణి. పునాది కుంగి కట్టడం ఒరుగుతోందని 2000ల మధ్యలో విప్పిన మండపం తిరిగి లేచి నిలబడటానికి ఒకటిన్నర దశాబ్దానికి పైగా పట్టింది. నా పక్కనే ఒక పెద్దావిడ, వెంట వచ్చిన మనవడికి మండపాన్ని చూపిస్తూ, "మీ అమ్మ పెండ్లప్పుడు ఇప్పిండ్రు బిడ్డా, నువ్వు కాలేజీకి వొయ్యే యాళ్లకు కట్టిండ్రు" అని చెప్పింది. ఆ మాటలో ఫిర్యాదు లేదు, సంతోషమే ఉంది. నాకూ సంతోషంగానే ఉంది. విప్పిన రాళ్లు విప్పినట్టే మట్టిలో కలిసిపోతాయేమోనని భయపడ్డవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఇంటికి వచ్చాక మాత్రం ఒక ప్రశ్న వదలలేదు. విప్పి కట్టవలసినంత దూరం రాకముందు, పునాది కుంగడం మొదలైన తొలి సంవత్సరాల్లో, దాన్ని ఎవరు గమనించారు? గమనించినవారు ఎక్కడ రాసి పెట్టారు? రాసింది ఎవరు చదివారు? ప్రభుత్వాలు చారిత్రక కట్టడాలను పట్టించుకోవనే మాట మనం తరచూ వింటాం, అంటాం కూడా. ఆ మాట సగమే నిజమని నాకు అనిపిస్తుంది. గడువు ఉన్న పనిని, ప్రారంభోత్సవం ఉన్న పనిని మన ప్రభుత్వాలు చేయగలవు, కొన్నిసార్లు అద్భుతంగా చేశాయి కూడా. గడువూ ప్రారంభోత్సవమూ లేని పని దగ్గరే ఆగిపోతాయి. అయితే ఒక పాత కట్టడాన్ని నిలబెట్టే పనుల్లో ఎక్కువ భాగం అటువంటివే.

నీళ్లు వస్తున్నాయన్నప్పుడు

ప్రభుత్వానికి ఈ పనులు చేతకావనే వాదనను నేను ఒప్పుకోకపోవడానికి కారణం నాగార్జునకొండ. 1926లో అక్కడ వెలుగు చూసిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, కృష్ణ మీద ఆనకట్ట కడితే లోయతో సహా మునిగిపోతుందని తేలాక, 1954 నుంచి 1960 వరకు అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు సాగాయి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. ఒకవైపు ఆనకట్ట లేస్తుండగా మరోవైపు లోయలోని ముఖ్యమైన కట్టడాల్లో తొమ్మిదింటిని విప్పి, కొండ మీదికి చేర్చి, తిరిగి కట్టారు. మరికొన్నింటిని అనుపు దగ్గర నిలబెట్టారు. దేశం విదేశాల నుంచి ధాన్యం తెప్పించుకుంటున్న రోజులవి. తర్వాత శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు, కృష్ణా తుంగభద్రలు కలిసే చోటున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని కూడా అలాగే రాయి రాయి విప్పి అలంపురానికి తెచ్చారు. ఇవాళ అలంపురం వెళ్లినవారిలో చాలామందికి అది మరోచోటి నుంచి తరలివచ్చిన గుడి అని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. అంత శ్రద్ధగా కట్టారు.

ఆ రెండు చోట్లా పని చేసినవారు మనవాళ్లే, చేయించిన శాఖలు మన శాఖలే. తేడా ఒక్కటే. అక్కడ నీళ్లు వస్తున్నాయి. ఫలానా ఏడాది నాటికి ఈ లోయ ఉండదని అందరికీ తెలుసు కాబట్టి నిధులూ, మనుషులూ, అనుమతులూ ఆ తేదీకి అనుగుణంగా కదిలాయి.

కల్యాణ మండపానికి అటువంటి తేదీ లేదు. ఆలస్యమంతా నిర్లక్ష్యమేనని నేను అనను. ఇసుక నింపిన పునాది మీద వందల టన్నుల రాతిని సమతూకంగా నిలపడం కాకతీయుల పద్ధతి. ఆ పునాదిని అర్థం చేసుకోకుండా తొందరపడి కట్టి ఉంటే ఇంకో తరం మళ్లీ విప్పవలసి వచ్చేది. విరిగిన దూలాలకు సరిపోయే రాయి దొరకాలి, దాన్ని అదే పనితనంతో చెక్కగల శిల్పులు దొరకాలి. ఇవన్నీ నిజమే. కానీ రామప్ప గుడి పక్కనే ఉన్న కామేశ్వరాలయం రాళ్లు కూడా ఏళ్ల తరబడి అలాగే పరిచి ఉండటం చూసినవారికి, ఆలస్యం ఒక్క మండపానికి వచ్చిన కష్టం కాదని తెలుస్తుంది. 1213 నాటి రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చిందని మనమంతా పండుగ చేసుకున్నాం. పండుగ చేసుకోదగ్గ సంగతే. ఆ గుడిని చూడటానికి వెళ్లి, పక్కనున్న రాళ్ల గుట్టను దాటుకుంటూ బయటికి వచ్చినవాళ్లమూ మనమే.

అమ్మమ్మ ఊరి గుడి

మా అమ్మ పుట్టిన ఊరు ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక చెరువు కింది పల్లె. చెరువు కట్ట పక్కన కాకతీయుల కాలపు చిన్న త్రికూటాలయం, అంటే మూడు గర్భాలయాల గుడి, ఉంది. ప్రసిద్ధమైనది కాదు, ఏ పర్యాటకుల పుస్తకంలోనూ కనిపించదు. గుడి ముందు రక్షిత కట్టడమని తెలిపే బోర్డు ఉంది. అది ఏ శాఖ కిందిదో ఇక్కడ రాయను. ఈ కథ ఒక్క శాఖది కాదని నమ్ముతున్నాను.

2012 వేసవిలో అక్కడికి వెళ్లినప్పుడు ఉత్తరం వైపు గర్భాలయం పైకప్పు అంచున ఒక రావి మొక్క కనిపించింది. కాండం నా చిటికెన వేలంత ఉంది. పక్షి వేసిన గింజ, సున్నం రాలిపోయిన సందులో పడి మొలిచింది. ఆ గుడిని చూసుకునే ఆయన ఊరివాడే, దినకూలీ లెక్కన పెట్టుకున్న మనిషి, వరసకు నాకు మామ. మొక్కను తీసేయవచ్చు కదా అని అడిగితే, "పీకుదునా అని అడిగిన అల్లుడా. గోడలు ముట్టద్దన్నరు. ముట్టుకుంటే నా మీదికే వస్తదన్నరు" అన్నాడు. ఆయన భయం అర్థం లేనిది కాదు. రావి వేరును బలంగా లాగితే మొక్కతో పాటు రాయి కూడా కదులుతుంది. మొదలు నరికి, మిగిలిన మోడుకు మందు పెట్టి, వేరు లోపలే చచ్చేలా చేసి, ఆ సందును మళ్లీ సున్నంతో నింపాలి. తెలిసినవాడికి అది ఒక్క పూట పని. నేను సంబంధిత కార్యాలయానికి ఫోటోతో సహా ఉత్తరం రాశాను. అందినట్టు ముద్ర వేసిన కాగితం తిరిగి వచ్చింది.

మూడేళ్ల తర్వాత మొక్క మణికట్టంత అయింది. ఈసారి స్వయంగా వెళ్లి అడిగాను. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడారు. ఒక్క మొక్క తీయడానికి విడిగా డబ్బు మంజూరు కాదని, వార్షిక ప్రతిపాదనల్లో ఆ గుడి పేరు చేరిస్తే అంచనా వేసి పంపవచ్చని, ఆ ఏడాదికి గడువు దాటిపోయిందని చెప్పారు. ఆయన చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు. ఆయన చేతిలో ఉన్నది అంతే. 2019 వానాకాలంలో ఆ మూలన రెండు కప్పు బండలు జారాయి, ఒకటి కింద పడి రెండు ముక్కలైంది. అప్పుడు ఇంజనీర్లు వచ్చారు, కొలతలు తీశారు, కప్పు పై వరసలన్నీ విప్పి తిరిగి పేర్చడానికి లక్షల్లో అంచనా తయారైంది. గోటితో పోయేదానికి గొడ్డలి అని అమ్మమ్మ అంటూ ఉండేది. ఏడేళ్ల కాలంలో గోరు గొడ్డలి కావడం నా కళ్ల ముందే జరిగింది.

ఇంజనీర్లలో ఒకరు గోడ మీది పగులు చూపించి, ఇది ఎప్పటిది, పెరుగుతోందా అని అడిగారు. వారి దగ్గర జవాబు చెప్పే కాగితం ఏదీ లేదు. మామ ఇంట్లోకి వెళ్లి, మనవరాలి బడి నోట్‌బుక్ ఒకటి తెచ్చాడు. అందులో పెన్సిలుతో, పెద్ద పెద్ద అక్షరాలతో, తేదీలు వేసి రాసి ఉంది: పెద్ద వాన పడ్డ రోజు, కప్పు ఏ మూల కారిందో, పగులు ఎన్ని బెత్తెలకు వచ్చిందో, రాత్రి గుడి దగ్గర ఎవరో మసలినట్టు కుక్కలు మొరిగిన రోజు. ఆ పుస్తకం రాయమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చూపించమని అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

కుక్కలు మొరిగిన రోజును ఆయన రాసిపెట్టడానికి కారణం మన పల్లెలు తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. గుప్తనిధుల కోసం లింగాన్ని పెకలించినవి, నందిని పగలగొట్టినవి, గర్భగుడిలో నిలువులోతు గోతులు తీసినవి మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని గుళ్లు ఉన్నాయో! టార్చిలైటు పట్టుకుని తిరిగే ఒక మనిషి ఉంటే వాటిలో సగం జరిగేవి కావు. దేశంలో కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాలు సుమారు 3,700. వాటికి 7,000 మంది కాపలాదారులు అవసరం కాగా, 248 చోట్ల 2,578 మందిని మాత్రమే పెట్టగలిగారని 2022లో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదికలో తేలింది. అంతకు ముందు, 2013లో, కాగ్ తనిఖీ చేసిన కట్టడాల్లో 92 అసలు కనిపించడం లేదని నివేదించింది. రాష్ట్ర శాఖల జాబితాల్లో ఉన్న చిన్న చిన్న గుళ్లు, బురుజులు, మెట్ల బావుల దగ్గరికి వస్తే, చాలాచోట్ల కాపలా అంటే పక్క పొలం రైతు చూపే.

శాసనాల్లో ఉన్న ఒక మాట

దక్కన్‌లోని దేవాలయ శాసనాల్లో "ఖండస్ఫుటిత జీర్ణోద్ధారణ" అనే మాట పదే పదే కనిపిస్తుంది. ఖండం అంటే విరిగినది, స్ఫుటితం అంటే బీటవారినది, జీర్ణం అంటే శిథిలమైనది. దీపానికి, నైవేద్యానికి, అంగరంగభోగాలకు భూములిచ్చిన దాతలు, అదే శాసనంలో, గుడిలో విరిగేవాటిని, బీటలు వారేవాటిని బాగుచేయడానికి కూడా భూమి ఇచ్చారు. ఈ మాట అర్థం తెలిసిన రోజు నాకు కలిగిన ఆశ్చర్యం ఇంకా పోలేదు. గుడి కొత్తగా మెరుస్తున్నప్పుడే, ఇది ఒకనాడు బీటవారుతుందని ఊహించి, ఆ బీటకు ఫలానా పొలం పంటను ముందే రాసిచ్చారు. దాత పోయినా, రాజు మారినా, ఏటా పంట వస్తుంది, ఏటా మరమ్మతు జరుగుతుంది. ప్రతిసారీ ఎవరినో అడిగి మంజూరు చేయించుకోవలసిన అవసరం లేదు.

ఆ శాసనాల చివర తరచూ వచ్చే శ్లోకాల్లో ఒకటి ఇలా మొదలవుతుంది: "దానపాలనయోర్మధ్యే దానాచ్ఛ్రేయోఽనుపాలనమ్." ఇవ్వడం, ఇచ్చినదాన్ని కాపాడటం, ఈ రెండింటిలో కాపాడటమే మేలైనదని భావం. కొత్తగా కట్టినవాడికంటే కట్టినదాన్ని నిలబెట్టినవాడికే ఎక్కువ పుణ్యమన్న లెక్క. మన కాలంలో ఈ లెక్క పూర్తిగా తలకిందులైంది. పునర్నిర్మాణానికి శిలాఫలకం ఉంటుంది, కాలువలో పూడిక తీసినవాడికి ఉండదు.

అయితే ఆ పాత ఏర్పాటును ఆదర్శంగా పట్టుకుని మురిసిపోవడానికి నాకు మనస్కరించదు. ఇచ్చిన భూమిని హరించినవాడు అరవై వేల ఏళ్లు అశుద్ధంలో పురుగై పుడతాడని అదే శాసనాలు శపించాయంటే, అప్పుడూ ఆ భూములు అన్యాక్రాంతం అవుతూనే ఉండేవని అర్థం. అదీగాక, ఆ పొలాలు దున్నినవారిలో ఎంతమందికి ఆ గుడి గడప దాటే హక్కు ఉండేది? ఇవాళ వేయిస్తంభాల గుడిలోకి ఎవరైనా వెళ్లవచ్చు, ఏ స్తంభం ముందైనా నిలబడవచ్చు. అది అందరి ఆస్తి కావడం వల్లనే అది సాధ్యమైంది. కట్టడాల బాధ్యత ప్రభుత్వం దగ్గరే ఉండాలని నేను పట్టుబట్టడానికి ఇదే ముఖ్య కారణం. ప్రభుత్వం సరిగా చేయడం లేదు కాబట్టి ఇంకెవరికైనా ఇచ్చేద్దామనే మాట వినడానికి సులువుగా ఉంటుంది. ఇచ్చాక ఆ గడప ఎవరిదవుతుందో ఆలోచించాలి.

నా వాదనకు అడ్డుపడేవి

కంపెనీలకు అప్పగించడం గురించి ముందు చెబుతాను, ఎందుకంటే దాని మీద నాకు ఒక స్థిరమైన అభిప్రాయం ఉంది. కేంద్రం 2017లో మొదలుపెట్టిన వారసత్వ దత్తత పథకం కింద 2018లో ఢిల్లీ ఎర్రకోటతో పాటు మన గండికోట కూడా ఒక కంపెనీ దత్తతలోకి వెళ్లింది. ఆ పథకం ప్రధానంగా మరుగుదొడ్లు, తాగునీరు, దీపాలు, దారి చూపే బోర్డుల వంటి సౌకర్యాలకు సంబంధించినది. అవి అవసరమే, ముఖ్యంగా ఆడవాళ్లు, వృద్ధులు రావాలంటే చాలా అవసరం. కానీ కప్పు అంచున మొలిచిన మొక్క వాటిలో లేదు. ఇందుకు భిన్నంగా, గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల్లో ఆగా ఖాన్ ట్రస్టు రాష్ట్ర శాఖతో కలిసి 2013 నుంచి 2024 దాకా చేసిన పని నా అభిప్రాయాన్ని కొంత మార్చింది. వెనుకటి మరమ్మతుల్లో పూసిన సిమెంటును ఓపికగా తొలగించి, తిరిగి సున్నంతో పని చేశారు. సిమెంటు లోపలి తడిని బయటికి పోనివ్వదు, సున్నం పోనిస్తుంది. ఆ చిన్న తేడాతోనే గోడ ఆయుష్షు మారుతుంది. ఆస్తి ప్రభుత్వానిదిగానే ఉండి, నైపుణ్యం బయటి నుంచి వచ్చిన ఏర్పాటు అది. అటువంటిదానికి నేను వ్యతిరేకిని కాదు.

రెండో అడ్డంకి నా వాదన మూలానికే తగులుతుంది. నిత్యం చూసుకోవాలి, నిత్యం బాగుచేయాలి అంటున్నాను. కానీ మన కట్టడాలకు నిర్లక్ష్యం ఎంత కీడు చేసిందో అతి శ్రద్ధ కూడా అంత కీడు చేసింది. 1920ల తొలినాళ్లలో నిజాం ప్రభుత్వం అజంతా చిత్రాలను కాపాడాలనే సదుద్దేశంతో ఇటలీ నుంచి నిపుణులను రప్పించింది. వారు పూసిన లక్క వార్నిషు కాలక్రమంలో పసుపుబారి ఆ చిత్రాల మీదే ముసుగులా మిగిలింది. ఇవాళ మన గుళ్లలో ఇసుకను వేగంగా చిమ్మి స్తంభాలను తోమించడం, శిల్పాలకు ఎనామిల్ రంగులు వేయించడం, పాత రాతి నేల మీద గ్రానైటు పలకలు పరిపించడం భక్తితోనే జరుగుతున్నాయి. అవి చేయించేవారితో వాదించిన రోజులు నాకున్నాయి. "దేవుడి ఇల్లు కళకళలాడాలని చేస్తున్నాం, మీకేం నొప్పి?" అని ఒక పెద్దమనిషి అడిగినప్పుడు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఆయన ప్రేమ కట్టడం మీద నా ప్రేమకంటే తక్కువది కాదు. పూజలందుకునే గుడిని ప్రదర్శనశాలలా ఉంచమని అడిగే హక్కు నాకుందా అన్న సందేహం ఇప్పటికీ తీరలేదు. ఈ సందేహం వల్లనే నా కోరిక కొంచెం మారింది. మొదట కావలసింది కళ్లు, కలం. చేతులు ఆ తర్వాత. రోజూ చూసేవాడు ఉండాలి, చూసింది రాయాలి, రాసినదాన్ని తెలిసినవాడు చదివి ఏం చేయాలో చెప్పాలి.

మూడోది ఖిలా వరంగల్‌లో ప్రతి ఇంటి గోడలోనూ కనిపిస్తుంది. 2010 చట్ట సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణం కుదరదు, ఆ తర్వాతి రెండు వందల మీటర్లలో అనుమతితోనే కట్టాలి. కోట లోపల తరతరాలుగా ఊరే ఉంది. ఇల్లు పెంచుకోవాలన్నా, పిల్లల పెళ్లిళ్లయి ఇంకో గది కావాలన్నా ఈ కొలతలు అడ్డం వస్తాయి. వానకు కూలిన వెనక గోడను లేపుకోవడానికి కాగితాల కోసం తిరిగి తిరిగి, చివరికి రేకు అడ్డం పెట్టుకున్న ఒక కుటుంబాన్ని అక్కడ కలిశాను. ఆ ఇంటి అవ్వ అన్న మాట: "కోట మాదే అంటరు, మా గోడ మాత్రం మాది గాదంటరు." ఆ నిబంధన లేకపోతే కీర్తి తోరణాల పక్కన ఏం లేచేదో నేను ఊహించగలను, అందుకే దాన్ని ఎత్తేయమని అడగలేను. కానీ వారసత్వం భారమంతా ఆ అవ్వ మోయాలని, దాన్ని చూసి గర్వపడే పని మాత్రం నాదని అనుకోవడం న్యాయం కాదు. కోట గడ్డి కోసేది, కందకం శుభ్రం చేసేది, కాపలా కాసేది ఆ ఇళ్లవారే కావాలి, అదీ నెలనెలా జీతం అందే శాశ్వత ఉద్యోగాల్లో. అనుమతి కాగితం కోసం వాళ్లు తిరగడం కాకుండా కాగితం వాళ్ల గడపకు రావాలి.

ఆసుపత్రులకు, బడులకు డబ్బు లేనప్పుడు రాళ్లకెందుకు అనే ప్రశ్నను తేలిగ్గా తీసుకోను. అయితే నేను అడుగుతున్నది ఎక్కువ డబ్బు కాదు, ముందు డబ్బు. వేలంత మొక్కకు ఇవ్వని వందలే తర్వాత లక్షలుగా అడిగాయి. శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26 రాత్రి కూలిపోయింది. పగులు పెద్దదవుతోందని చుట్టుపక్కలవారిని ముందే పంపేశారు కాబట్టి మనుషులు బతికారు. 2017లో అక్కడే కొత్త గోపురానికి కుంభాభిషేకం జరిగింది. కొత్తది అందంగానే ఉంది, ఎత్తుగానే ఉంది. అయిదు వందల ఏళ్ల కిందటి తాపీమేస్త్రీ చేతి గుర్తు మాత్రం దానిలో ఉండదు, ఎన్ని కోట్లు పెట్టినా రాదు.

రోహిణి కార్తెలోపు

మా తాతగారి ఇల్లు గూనపెంకుల ఇల్లు. ఏటా రోహిణి కార్తె ముగిసి మృగశిర వచ్చేలోపు ఇద్దరు మనుషులు కప్పెక్కి పెంకులు సర్దేవారు, పగిలినవి మార్చేవారు, చూరు కింద చెత్త ఊడ్చేవారు. అది చేయాలా వద్దా అని ఎవరూ చర్చించేవారు కాదు. వాన వస్తుంది కాబట్టి ఆ పని జరిగేది. ఇంటి క్యాలెండరులోనే అది రాసి ఉన్నట్టు లెక్క.

రక్షిత కట్టడాలకు నేను కోరేది ఆ క్యాలెండరే. ప్రతి ఏడూ తొలకరిలోపు ప్రతి కట్టడం కప్పు మీదికి ఒక శిక్షణ పొందిన మనిషి ఎక్కాలి. మొక్కలు ఎక్కడున్నాయి, నీరు ఎక్కడ నిలుస్తోంది, పగుళ్లు ఎంతకు వచ్చాయి అన్నవి రాయాలి. పగులు మీద అడ్డంగా సన్నటి గాజు పట్టీ అతికిస్తే, అది పగిలిన రోజున గోడ కదులుతోందని తెలుస్తుంది. ఇంజనీర్లందరికీ తెలిసిన పాత చిట్కా అది, ఖర్చు దాదాపు లేదు. ఆ రాతలు కార్యాలయం బీరువాలో కాకుండా గ్రామ పంచాయతీ గోడ మీద, అందరూ చూడగలిగే చోట ఉండాలి. చిన్న పనులకు, అంటే మొక్క, పూడిక, రాలిన సున్నం వంటివాటికి, ప్రతి కట్టడం పేరుమీద ఏటా కొంత మొత్తం అడగకుండానే రావాలి. ఖండస్ఫుటితానికి రాసిచ్చిన పొలం లాంటిదన్నమాట. విప్పి కట్టవలసిన పెద్ద పనికి మాత్రం, విప్పే రోజునే, తిరిగి నిలబెట్టే తేదీని బోర్డు మీద రాయాలి. తేదీ తప్పితే ఎందుకు తప్పిందో అదే బోర్డు మీద రాయాలి. నాగార్జునకొండలో నీళ్లు చేసిన పనిని ఆ బోర్డు కొంతైనా చేస్తుంది.

ఇందులో చట్టం మార్చవలసినది పెద్దగా లేదు. అలవాటు మారాలి, అది చట్టంకంటే కష్టమైనదని తెలుసు. ఆ అధికారి నాతో అన్నట్టు, ఒక్క మొక్కకు మంజూరు ఉండదు. మొక్క పేరుతో ఖర్చు రాయడానికి గడి లేని పట్టికను ఎవరో ఒకనాడు తయారుచేశారు కాబట్టి ఉండదు. పట్టికను మార్చవచ్చు.

మామ ఇప్పుడు ఆ గుడి దగ్గర లేడు. దినకూలీల ఏర్పాటు మారినప్పుడు ఆయన పేరు జాబితాలోంచి పోయింది, ఆ తర్వాత మోకాళ్లు సహకరించక కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. వెళ్లేముందు నోట్‌బుక్ నా చేతికిచ్చాడు. "నువ్వన్న రాయి అల్లుడా" అన్నాడు. దాని నకలు తీసి, వరసగా తేదీలు పేర్చి, సంబంధిత కార్యాలయంలో ఇచ్చాను, ముద్ర వేయించుకున్నాను. కప్పు పని సగం అయింది. పడిపోయిన బండ రెండు ముక్కలూ గుడి వెనక నీడన ఉన్నాయి, నంబరు వేశారు. పోయిన కార్తీకంలో వెళ్లినప్పుడు, పని పూర్తయిన వైపునే కప్పు అంచున రెండాకుల మొలక ఒకటి కింది నుంచి కనిపించింది. రావో, జువ్వో కింది నుంచి తేల్చుకోలేకపోయాను. పైకి ఎక్కడానికి అనుమతి కోరుతూ మళ్లీ ఉత్తరం రాశాను. రోహిణి కార్తె రాకముందు వెళ్లి, అది ఎంత ఎదిగిందో చూసి, మామ పుస్తకంలో ఆయన రాసిన చివరి తేదీ కింద రాస్తాను.